వెనక స్ప్రింగు లేని బండి

పావనికి సైకిల్ అంటే ప్రాణమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆమె వ్యాయామం నేర్పే ప్రైవేటు స్కూలు గోడ మీద ఆ మాట ఫ్లెక్సీ కట్టి మరీ రాశారు. అందులో కరస్పాండెంటు గారి ముఖం బెల్లం దిమ్మంత, పావని ముఖం బెల్లం ముక్కంత. ప్రాణమూ కాదు, తపస్సూ కాదు. కొందరికి లెక్కలు వస్తాయి, కొందరి చేతిలో పూరీలు పొంగుతాయి. పావనికి గుట్ట ఎక్కడం వచ్చు. వచ్చిన పని చేస్తూ పోయింది, అంతే.

చీడికాడ పక్క ఊళ్ళో చెరుకు రైతు త్రినాధరావు ఒక్కగానొక్క కూతురు ఆమె. హైస్కూల్లో ఆడపిల్లలకు పంచిన సైకిల్ మీద కాలవగట్టు వెంట బడికి వెళ్ళేది. మిగతా పిల్లలు దిగి తోసుకెళ్ళే మిట్ట దగ్గర ఈమె దిగేది కాదు. డ్రిల్లు మాస్టారు అది చూసి జిల్లా పోటీలకు తీసుకెళ్ళాడు. జిల్లాలో గెలిచింది. రాష్ట్రంలో మాత్రం ఎప్పుడూ పతకం వచ్చిన వాళ్ళ పక్కన నిలబడి చప్పట్లు కొట్టే స్థానమే దక్కేది. తర్వాత వ్యాయామ విద్యలో డిగ్రీ చేసింది. అనకాపల్లి గవరపాలెంలో గది అద్దెకు తీసుకుని స్కూల్లో విజిల్ వేస్తూ, సాయంత్రాలు బొజ్జన్నకొండ దారిలో తొక్కుతూ కాలం గడిపింది.

ఈ ఏడాది రాష్ట్ర ఎంపిక పోటీ వాళ్ళ ఊరికి దగ్గర్లోనే, కోనాం వైపు కొండ మీద పెట్టారు. మొదటి ఇద్దరూ జాతీయ పోటీలకు వెళతారు. జాతీయ పోటీలకు వెళ్ళిన వాళ్ళకు స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే అర్హత వస్తుంది. స్కూలు వాళ్ళు వచ్చే ఏడాది నుంచి పోటీలకు సెలవు ఇచ్చేది లేదని తేల్చేశారు. అంటే ఇది ఆఖరి అవకాశం. పావనికి ఆ సంగతి తెలుసు, బస్సు టైము తెలిసినట్టు తెలుసు. దాని గురించి గుండె దడదడలాడటం మాత్రం ఆగిపోయి చాలాకాలమైంది.

ఎప్పటి నుంచంటే, తల్లి పోయినప్పటి నుంచి. కిందటేడు ఆషాఢంలో కాసులమ్మ జ్వరమని ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళింది. అదే దారిన అంబులెన్సులో తిరిగొచ్చింది. పెదకర్మ నాడు ఊరంతా ఒకటే మాట: ‘పసుపు కుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు.’ చావులో అదృష్టం ఏ పాటిదో చెప్పవలసింది కాసులమ్మే. ఆవిడ లేదు కాబట్టి మాట చలామణీ అయిపోయింది. వరసకు అమ్మమ్మయ్యే అప్పలకొండమ్మ పావని భుజం గిల్లి మరీ చెప్పింది.

“ఏడవే ఒలే, ఏడిస్తే గుండె తేలికైపోతాది.”

పావని ప్రయత్నించింది కూడా. కళ్ళు మండాయి తప్ప తడి రాలేదు. ఎక్కువసేపు హ్యాండిల్ పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. వేలు ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది గాని ఆ వేలు ఏ కబురూ పంపదు. మనిషి మొత్తం అలా ఉండేది. కార్యక్రమం అయిన మర్నాడే స్కూలుకు వెళ్ళి విజిల్ వేసింది. ‘ఎంత ధైర్యవంతురాలో’ అన్నారు. అదీ నమ్మకండి.

ఆ ఏడాదంతా ఆమెతో తగువు పెట్టుకున్న మనిషి ఒక్కడే, రత్నరాజు. నాలుగు రోడ్ల జంక్షన్ దగ్గర సైకిల్ షాపు అతనిది. యూట్యూబులో విన్నది సొంత అనుభవంలా చెబుతాడు. సగం నిజం, సగం ఆదివారం ప్రసంగం. విశాఖపట్నం నుంచి ఎవరో అమ్మకానికి పెట్టిన బండి ఒకటి అతని షాపులో దిగినప్పటి నుంచి అతని నోటికి మూత లేదు.

పావని సొంత బండి హార్డ్‌టెయిల్. చెరుకు బాగా పండిన ఏడు త్రినాధరావు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముందు చక్రానికి మాత్రమే స్ప్రింగు, వెనకంతా గట్టిబొమిక. షాపులో దిగినది ఫుల్ సస్పెన్షన్. దానికి ముందూ స్ప్రింగే, వెనకా స్ప్రింగే. పొట్టలో ఒక షాకబ్జార్బరు, దాని చుట్టూ కీళ్ళు. రెండూ కార్బన్ ఫ్రేములే. వేలితో ఎత్తితే లేచేంత తేలిక.

“సూడు చెల్లెమ్మా,” అన్నాడు రత్నరాజు గ్రీజు చెయ్యి గాలిలో ఊపుతూ. “హార్డ్‌టెయిల్ అంటే ఎడ్లబండి. ఇదేమో ఇన్నోవా. ఎడ్లబండిలో పెళ్ళికెళ్ళినోడు, ఇన్నోవాలో ఎళ్ళినోడు, ఇద్దరిలో ఎవడు బాగా భోంచేత్తాడు?”

“పెళ్ళి కొండ మీదైతే ఇన్నోవాని తొయ్యాలన్నా.”

“మరదే నీతో. ఎక్కేటప్పుడు ఈ మీట నొక్కితే స్ప్రింగు బిగుసుకుంటాది కాదేటి!”

“బిగుసుకున్నా బరువు ఎక్కడికి పోద్ది?”

“ఓ రెండు చెంబుల నీళ్ళంత బరువు. దానికే?”

“రెండు చెంబులు మోసుకుని నువ్వు కొండెక్కన్నా, చూస్తాను.”

రత్నరాజు పొట్ట తడుముకున్నాడు. “నేను ఆల్రెడీ బిందె మోత్తన్నాను,” అని తనే నవ్వాడు.

కొన్ని ఆదివారాలు ఆమె రెండు బండ్లనూ కొండ మీదికి తీసుకెళ్ళి మార్చి మార్చి తొక్కింది. ఎక్కేటప్పుడు సందేహమే లేదు. హార్డ్‌టెయిల్ మీద కాలు వేసిన బలమంతా చక్రంలోకి వెళుతుంది. ఫుల్ సస్పెన్షన్ ప్రతి తొక్కుకీ ఇంతింత తలూపుతుంది, చెప్పినదానికల్లా సరేననే అల్లుడిలా. మీట నొక్కితే ఊపు తగ్గుతుంది. కాని రాళ్ళ మలుపుల్లో మీట నొక్కడానికీ తియ్యడానికీ వేలికి తీరిక ఉండదు. పైగా ఎర్రమట్టి ఆ కీళ్ళలోకి దూరి, నాలుగు వానలకే కిర్రుమనడం మొదలవుతుంది.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. హార్డ్‌టెయిల్ మీద సీటులో కూర్చోవడం కుదరదు. లేచి నిలబడి, మోకాళ్ళనీ మోచేతులనీ స్ప్రింగులు చేసుకోవాలి. ఏ రాయి మీదుగా పోవాలో ముందే ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే ఆ తప్పు వెన్నుపూస దాకా వచ్చి చెబుతుంది. ఫుల్ సస్పెన్షన్ అయితే ఎలా పోయినా మింగేస్తుంది. మొదటిసారి దాని మీద దిగి కిందికి వచ్చాక పావని వెనక్కి తిరిగి చూసింది. అంత రాళ్ళదారి ఎలా దాటిందో ఆమెకు తెలియలేదు. కిందంతా గతుకులు, పైన తను, మధ్యలో ఏదో అన్నిటినీ మింగేస్తోంది. అది హాయిగా అనిపించింది. ఎందుకు హాయిగా ఉందో అర్థమయ్యాక ఆ బండి మీద కొంచెం చిరాకు కూడా వేసింది.

పోటీ దారిలో ఎక్కుడే ఎక్కువ. అందుకే హార్డ్‌టెయిల్‌కే ఖాయం చేసింది.

“మీ నాన్న కొన్నాడని సెంటిమెంటా?” అన్నాడు రత్నరాజు.

“కాదన్నా. తేలిక.”

నిజమే చెప్పింది.

పోటీకి ముందు గురువారం త్రినాధరావు తన బావ పైడిరాజు వ్యానులో బెల్లం వేసుకుని అనకాపల్లి మార్కెట్టుకు వచ్చాడు. సరుకు దించాక వ్యాను ఖాళీగానే ఊరికి వెళుతుంది కాబట్టి, రత్నరాజు షాపులో సర్వీసుకి ఇచ్చిన సైకిల్‌ని తీసుకెళ్ళి ఇంట్లో పెట్టమని పావని ఫోన్లో చెప్పింది. ఆ సమయానికి ఆమె స్కూల్లో ఉంది. శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళితే సైకిల్ వసారాలో గోడకు ఆనించి ఉంది. హ్యాండిల్‌కి నిమ్మకాయల దండ, ఫోర్కుకి పసుపు, కుంకం. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్యనున్న పై గొట్టం చుట్టూ ఇంకా గోనెపట్టా చుట్టే ఉంది. పైడిరాజు వసారా మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

“ఓలమ్మా, ఛాంపియన్ వచ్చేసింది! దారిలో నూకాలమ్మ గుడికాడ ఆపించేడు మీ నాన్న. పూజ సేయించి మరీ తెచ్చేడు.” గ్లాసుతో సైకిల్ వైపు చూపించాడు. “ఏటో కార్బన్ అంటారు. బొగ్గే కదేటి అది? బొగ్గుకి ఇంత బిల్డప్పా?”

“బొగ్గే మావయ్యా. వజ్రం కూడా బొగ్గే.”

“అయితే వజ్రాన్నే కట్టి తెచ్చేడు మా బావ. ఆ కట్టుడు సూడాలి నువ్వు! గోతుల రోడ్డు గదా, అయినా ఇసుమంత కదల్నేదు. గీత పడతాదని గోనె సుట్టేడు, మోకేసేడు, కర్ర దూర్సి మెలి మీద మెలి ఏసేడు. ఇంక సాలు బావా అంటే ఇంటేనా?”

పావని చెయ్యి గోనెపట్టా మీద ఆగింది.

చెరుకు బండికి మోపు కట్టడం చూసిన వాళ్ళకు ఆ పని తెలుసు. గడలన్నీ పేర్చాక మీదుగా మోకు వేసి లాగితే చాలదు, దారిలో వదులైపోతుంది. తాడు మధ్యలో కర్ర దూర్చి తిప్పాలి. తిప్పే కొద్దీ తాడు పేనుకుని, మోపు ఒకే దుంగలా బిగుస్తుంది. అది ఇద్దరి పని. ఒకరు కర్ర తిప్పుతారు, రెండో వాళ్ళు తాడు కొస పట్టుకుని గడల చప్పుడు వింటూ ఉంటారు. గడ చిట్లబోయే ముందు ఒకలా కిరకిరమంటుంది. అప్పుడు ఆపాలి. ఆ ఇంట్లో కర్ర త్రినాధరావుది, కొస కాసులమ్మది. ఆవిడ “సాలు” అనేది. అంతే, పెద్ద గొంతు కూడా చేసేది కాదు. అతను ఆపేవాడు. ముప్ఫై పంటలు అలా కట్టారు. ఎప్పుడు ఆపాలో నేర్చుకోవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

పైడిరాజు మాటకు అతను ఆగడు. అది కాసులమ్మ చెప్పే మాట.

పావని గోనెపట్టా విప్పింది. రంగు చెక్కుచెదరలేదు. పసుపు మరక ఒకటి గుడ్డతో తుడుస్తుంటే వెంట్రుక మందాన గీత కనిపించింది. బొటనవేలితో నొక్కింది. గొట్టం, లోపల ఎవరో ఊపిరి వదిలినట్టు, కొంచెం లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి గొట్టం పొడవునా కొట్టుకుంటూ పోయింది. టక్కు, టక్కు, టక్కు. గీత దగ్గర మాత్రం డుబ్బు.

ఇనుము వంగుతుంది, వంగితే సుత్తితో సరిచేయొచ్చు. అల్యూమినియానికి సొట్ట పడుతుంది, కనీసం కంటికి తెలుస్తుంది. కార్బన్ ఎంత లాగినా తట్టుకుంటుంది గాని చుట్టూ పట్టి నలిపితే తట్టుకోలేదు. లోపల పొరలు విడిపోతాయి, పైకి మామూలుగా ఉంటుంది. కొండ దిగేటప్పుడు ఏదో ఒక గతుకులో రెండు ముక్కలవుతుంది. అప్పుడు పళ్ళు మిగిలితే అదృష్టమనొచ్చు. ఆ మాట అక్కడైతే అతుకుతుంది.

పావని తనలోకి తొంగి చూసుకుంది. కోపం వస్తుందేమో అని. రాలేదు. ఏడుపు? అదీ లేదు. ఒక పని మాత్రం చేసింది. గోనెపట్టా మళ్ళీ అలాగే చుట్టేసింది. పెరట్లోకి వెళ్ళి రత్నరాజుకు ఫోన్ చేసింది.

“అన్నా, రేపు పొద్దున్న నీ ఇన్నోవా కావాలి.”

“ఏటైంది చెల్లెమ్మా?”

“పై గొట్టం పోయింది. ఎవరితోనూ అనకు.”

“అయ్యో ప్రభువా! సర్లే, ఓనరుతో నేను మాటాడుకుంటాను, ఆటోలో ఏసుకుని వచ్చేత్తాను. తొమ్మిదిన్నరకి ఆరాధన ఉంది, దింపేసి ఎళ్ళిపోతాను. నీకోసం ప్రార్థన సేత్తానమ్మా.”

“ప్రార్థన తర్వాత చేద్దువుగాని, వెనక టైరులో గాలి కొంచెం తగ్గించు.”

త్రినాధరావు పొలం నుంచి వచ్చాక అన్నం పెడుతూ చెప్పింది.

“రేపు రత్నరాజన్న బండి తొక్కుతాను నాన్నా.”

అతను ముద్ద కలుపుతూ ఆగాడు. “మంది బండేటి? మనదానికేటైంది?”

“దారంతా రాళ్ళే. దానికి వెనక స్ప్రింగు ఉంది.”

“అమ్మోరికాడ పూజ సేయించేను గదా.”

“ఊఁ.”

కలిపిన ముద్ద తిన్నాడు, రెండోదీ కలిపాడు. ఆ రెండో ముద్ద కోసమే ఆమె అబద్ధం ఆడింది. భార్య పోయాక తిండి మానేసి నెలరోజులు మంచం పట్టిన మనిషి. నిజం చెబితే రేపు పోటీకి రాడు. వచ్చినా ఆ కర్ర పట్టుకున్న చేతుల్నే చూసుకుంటూ కూర్చుంటాడు. త్యాగమూ గీగమూ అని పెద్ద పేర్లు పెట్టనక్కర్లేదు. తిన్న కంచం కడగడం తేలిక, తినని కంచం ఎత్తడం కష్టం. అంతే.

ఆదివారం కొండ దగ్గర చిన్న తిరునాళ్ళలా ఉంది. స్కూలు వాళ్ళు ఫ్లెక్సీ తెచ్చి కట్టారు. త్రినాధరావు తెల్లచొక్కా వేసుకొచ్చాడు. రాజమండ్రి అమ్మాయిలు, తిరుపతి అమ్మాయిలు తేలికైన హార్డ్‌టెయిళ్ళ మీద వచ్చారు. పావని ఒక్కతే పొట్టలో స్ప్రింగు బండితో నిలబడింది.

మొదటి ఎక్కుడులోనే సంగతి తేలిపోయింది. కాళ్ళు ఆమెవే, ఊపిరి ఆమెదే, కాని రెండు చెంబుల నీళ్ళు ప్రతి మలుపులోనూ వెనక్కి లాగాయి. ముందు నలుగురు వెళ్ళారు. దిగుడులో ఇద్దరిని దాటేసింది. వాళ్ళు లేచి నిలబడి రాళ్ళు ఏరుకుంటూ దిగుతుంటే ఈమె సీటులో కూర్చుని తిన్నగా పోయింది. మళ్ళీ ఎక్కుడు, మళ్ళీ ఇద్దరూ ముందుకు. మళ్ళీ దిగుడు. ఆఖరి చుట్టులో చివరి దిగుడు ఇంకో ఫర్లాంగు ఉంటే రెండో అమ్మాయి దొరికేది. లేదు. గీత దాటేసరికి పావని మూడోది. రెండో అమ్మాయి వెనక చక్రం ఆమెకు చెయ్యి చాపేంత దూరంలో ఉంది.

మైకులో ప్రకటించారు. మొదటి ఇద్దరూ జాతీయ పోటీలకు, మూడో అమ్మాయి రిజర్వు. ఇద్దరిలో ఎవరైనా రాలేకపోతే పిలుస్తారు. రిజర్వు అంటే గెలవడం కాదు, ఓడటం కూడా కాదు. పావనికి నవ్వు రాబోయి ఆగింది. ఏడాదిగా ఉన్నచోటే ఉంది, ఇప్పుడు దానికో పేరు పెట్టారు.

కరస్పాండెంటు గారు ‘ఓటమి గెలుపుకి నాంది’ అన్నారు, ఫోటో కోసం ఆమె పక్కన నిలబడి. పైడిరాజు మాత్రం నేరుగా వచ్చేశాడు.

“మనింటి బండి ఒగ్గేసి ఆ ఊగుడు బండి ఎక్కేవేటే? ఎక్కుడులో నిన్ను సూత్తుంటే నాకు ఆయాసం వచ్చేసింది. మీ నాన్న బండి మీదైతే కొట్టేద్దువు.”

“కొట్టేదాన్నే మావయ్యా.”

త్రినాధరావు ఆ మాట విన్నాడు.

సాయంత్రం ఫుల్ సస్పెన్షన్ బండిని అనకాపల్లిలో రత్నరాజుకు అప్పజెప్పాలి. పొద్దున్నే దింపేసి అతను ఆరాధనకు వెళ్ళిపోయాడు. పైడిరాజు వ్యాను ఇంటి ముందు ఆపాడు. త్రినాధరావు చొక్కా మార్చుకుని మోకు, కర్ర పట్టుకుని వచ్చాడు. వసారాలోకి వెళ్ళి, హార్డ్‌టెయిల్ చుట్టూ ఉన్న గోనెపట్టా విప్పి తెచ్చాడు. దాన్ని ఈ బండి పై గొట్టానికి జాగ్రత్తగా, పసిపిల్లకు తువ్వాలు చుట్టినట్టు చుట్టాడు. మోకు వేశాడు. కర్ర దూర్చాడు. మెలి తిప్పడం మొదలుపెట్టాడు.

పావని అవతలి వైపు నుంచి వ్యాను ఎక్కింది. తాడు కొస పట్టుకుంది. రెండో మెలి పడింది. వేళ్ళ మధ్య తాడు బిగుస్తోంది.

“సాలు,” అంది.

త్రినాధరావు చెయ్యి అక్కడే ఆగింది. కర్ర అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తలెత్తి ముందు కూతుర్ని చూశాడు. తర్వాత ఆమె పట్టుకున్న తాడు కొసని. తర్వాత వసారాలో గోనె లేకుండా నిలబడిన సైకిల్ని. చాలాసేపు అటే చూశాడు.

“దాన్ని నానే ఇరిసేసేనేటి?”

“ఊఁ.”

“నిన్ననే తెలుసా నీకు?”

“ఊఁ.”

“సెప్పొచ్చు గదే.”

“చెప్తే అన్నం తినవు.”

“ఇప్పుడు తింటాననుకుంటన్నావేటి?” అన్నాడు.

ఇద్దరూ నవ్వలేదు. ముందు సీటులోంచి పైడిరాజు హారన్ కొట్టాడు. “ఏట్రా బావా, పెళ్ళికూతురికి జడ ఏత్తన్నావా? పొద్దోతంది!”

త్రినాధరావు కర్రను వెనక్కి తిప్పాడు. ఒక మెలి వీడింది.

“ఇలగా?”

“ఇంకొంచెం.”

ఇంకో మెలి తీశాడు. తాడు వదులై గొట్టం మీద ఊరికే పడుకుంది. అతను దాన్ని వేలితో కదిపి చూశాడు.

“ఇలగైతే గోతిలో పడితే ఎగిరిపోతాదే.”

“పట్టుకుంటాను.”

అతను ముందు సీటులోకి వెళ్ళలేదు. వెనకే ఎక్కి ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. పావని వెనక చక్రం దగ్గర కూర్చుంది. వ్యాను కదిలింది. చీడికాడ రోడ్డు గోతులు ఒక్కటీ వదలకుండా కింది రేకులోంచి పైకి వచ్చాయి. బండి పొట్టలోని స్ప్రింగు తనవంతు మింగింది, మిగిలినది వాళ్ళ చేతులకు వచ్చింది. తుమ్మపాల దాటేసరికి పావని వేళ్ళు తిమ్మిరెక్కాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు.